కొల్లాజెన్ పొడి డబ్బా వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కొల్లాజెన్ పొడి డబ్బా గారి సముఖమునకు,

నమస్కారాలు. ఇక్కడ మేము క్షేమం. మా ఆవిడ మోకాళ్లు మాత్రం తమరు మా ఇంటికి రాక పూర్వం ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి.

తమరు మా వంటింట్లో వేంచేసి నేటికి నలభై రోజులు. మోకాళ్లకు మంచిదని హైదరాబాదు నుంచి మా అమ్మాయి కొరియర్‌లో పంపగా, కాఫీపొడికీ చక్కెరకూ నడుమ, మరే డబ్బాకూ దక్కని మర్యాదతో తమరిని నిలబెట్టాం. లేబుల్ మీద ‘మెరైన్’ అన్న మాట చూసి, ఉప్పులాగా ఇదీ సముద్రంలోంచి తీసే ఏదో ఖనిజం కాబోలని మా ఆవిడ సరిపెట్టుకుంది. ముప్ఫై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు జీవరసాయనశాస్త్రం చెప్పిన నేను, అది చేపల చర్మమూ పొలుసులూ ఉడికించి తీసిన సరుకన్న సంగతి సగం డబ్బా ఖాళీ అయ్యాక గాని చెప్పలేదు. (ముందే ఎందుకు చెప్పలేదని తమరూ అడగవద్దు. ఆ విచారణ ఇంట్లో ఒకసారి పూర్తయింది.) ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, “ఆతురే నియమో నాస్తి” అని, మాంసాహారమని చెప్పే గోధుమరంగు గుర్తు గోడవైపు తిరిగేలా తమరిని తిప్పి పెట్టింది.

తమ వంశ ప్రతిష్ఠ తెలియక ఈ లేఖ రాయడం లేదు. క్షీరదాల శరీరంలో ఉన్న మొత్తం ప్రోటీన్‌లో నాలుగోవంతుకు తగ్గకుండా తమ కొల్లాజెన్ వంశమే ఉంది. సుమారు వెయ్యేసి అమైనో ఆమ్లాల గొలుసులు మూడు కలిస్తే ఒక కొల్లాజెన్ అణువు. ఒక్కొక్క గొలుసు ఎడమవాటంగా మెలి తిరుగుతుంది, మూడూ కలిసి కుడివాటంగా పెనవేసుకుంటాయి. ఒకదాని పురి విడిపోకుండా మరొక పురి అడ్డుపడే ఈ కిటుకు కొబ్బరిపీచు మోకు పేనేవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. మూడు గొలుసులూ ఒరుసుకునే నట్టనడుమ చోటు ఎంత ఇరుకంటే, పక్కకు పొడుచుకొచ్చే కొమ్మ స్థానంలో ఒకే ఒక్క హైడ్రోజన్ పరమాణువున్న గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం తప్ప మరేదీ అక్కడ పట్టదు. అందుకే ప్రతి మూడో స్థానం గ్లైసిన్‌దే. ఆ వెయ్యింటిలో ఒక్క గ్లైసిన్‌ను లేపి మరో పెద్ద అమైనో ఆమ్లం కూర్చుంటే, పుట్టుకనుంచే ఎముకలు పుటుక్కున విరిగే జబ్బు రావచ్చు.

ఈ అమరికను పట్టుకున్నది మద్రాసులో. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కార్తా మూడు గొలుసుల నమూనాను ప్రకటించారు, మరుసటి ఏడాది దాన్ని మెలితిప్పి సవరించారు. ఎక్స్‌రే చిత్రాలకు వారు వాడిన వాటిలో కంగారూ తోక స్నాయువు ఒకటి. అమైనో ఆమ్లాల (పెప్టైడ్) గొలుసు ఏ కోణాల్లో వంగగలదో, ఏ కోణాల్లో పరమాణువులు ఒకదాన్నొకటి ఢీకొంటాయో లెక్కగట్టి 1963లో రామచంద్రన్ బృందం గీసిన పటం లేకుండా నేటికీ ప్రోటీన్ నిర్మాణశాస్త్రం పాఠం సాగదు. ఆ ఊళ్లోనే ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు తర్వాత డైరెక్టర్ అయిన యలవర్తి నాయుడమ్మ మన తెనాలి ప్రాంతం మనిషి. తోలు ఊనడమంటే (పచ్చితోలును పదును చేయడమంటే), అసలు సంగతి, తమ కొల్లాజెన్ గొలుసుల మధ్య కొత్త బంధాలు వేసి కుళ్లకుండా నిలపడమే. ఇంతటి వంశంలో పుట్టి తమరు చివరికి మా కాఫీలోకి వచ్చారు.

రావడం కూడా ఏ రూపంలో వచ్చారు? వేడికి మెలిక విడిపోతే కొల్లాజెన్ జెలటిన్ అవుతుంది. దాన్ని ఎంజైములతో ఇంకా తుంచితే తమరవుతారు. మూడు లక్షల డాల్టన్ల (అణువు బరువుకు కొలత అది) అణువు కొన్ని వేలకు దిగిపోతుంది. నమ్మకం కుదరక నేనే పరీక్షించాను. రెండు చెంచాల పొడిని అరగ్లాసు వేడినీళ్లలో కలిపి రాత్రి ఫ్రిజ్‌లో ఉంచాను. తెల్లవారి గ్లాసు వంచితే నీళ్లు నీళ్లలాగే జారాయి, అడుగున సన్నటి పసుపు ఛాయ, ముక్కు దగ్గర పెట్టుకుంటే లీలగా నీచువాసన. పక్కింటివారు రంజాన్ నెలలో వండే పాయా మిగిలితే మర్నాటికి గిన్నె బోర్లించినా పడనంతగా గడ్డకడుతుందని ఆయనే చెప్పారు. పాయాలోని పొడవాటి గొలుసులు చల్లబడగానే అక్కడక్కడా మళ్లీ మూడేసిగా పెనవేసుకుంటాయి. తమకు పెనవేసుకోవడానికి పొడవే మిగల్లేదు. గద్వాల పట్టుచీరను పోగుపోగుగా పీకి, ఆ పీచును సంచిలో కట్టి ‘కట్టుకోండి’ అని అమ్మితే ఎలా ఉంటుందో తమ వ్యవహారం అలా ఉంది.

పైగా తాగిన తమరు నేరుగా మోకాలికి నడిచి వెళతారని లేబుల్ మీది బొమ్మలో బాణం గుర్తు వేశారు. పెప్సిన్, ట్రిప్సిన్ అనే, ప్రోటీన్‌ను తుంచి అరిగించే ఇద్దరు గుమాస్తాలు దారిలో కూర్చుని ఉంటారన్నది ఆ బొమ్మ గీసినవారికి ఎవరూ చెప్పలేదు కాబోలు. న్యాయంగా ఒక మాట చెప్పాలి. ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లాలు జంటగా ఉన్న కొన్ని చిన్న తునకలు తెగకుండా రక్తంలోకి చేరడం నిజమే. అయితే ఆ హైడ్రాక్సీప్రోలిన్‌తో శరీరం కొత్త కొల్లాజెన్ గొలుసు కూర్చలేదు, ఎందుకంటే జన్యు సంకేతంలో దానికంటూ కోడాన్ (ఫలానా అమైనో ఆమ్లాన్ని గుచ్చమని చెప్పే మాట) లేదు. కణం ముందు మామూలు ప్రోలిన్‌ను గొలుసులో గుచ్చి, గుచ్చాక దానికి హైడ్రాక్సిల్‌ను తగిలిస్తుంది. తగిలించే ఎంజైములోని ఇనుము సరైన స్థితిలో ఉండాలంటే విటమిన్ సి కావాలి. అది అందకే పూర్వం ఓడల్లో నెలల తరబడి తిరిగినవారి చిగుళ్లు రక్తం కారేవి. ఆ విటమిన్‌కు మా పెరట్లో ఉసిరిచెట్టు ఉంది, అది నెలనెలా మా అమ్మాయి కార్డుకు బిల్లు పంపదు.

తమ లేబుల్ మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన ప్రోటీన్ శాతం గురించి కూడా మనవి చేస్తాను. 1883లో కెల్డాల్ అనే రసాయనవేత్త చూపిన పద్ధతిలో నైట్రోజన్‌ను కొలిచి ఒక అంకెతో హెచ్చవేస్తే ఆ శాతం వస్తుంది. ఆ లెక్కకు గ్లైసిన్ ఎవరో, ట్రిప్టోఫాన్ అనే మరో అమైనో ఆమ్లం ఎవరో తెలియదు. మా ప్రయోగశాలకు తెలుసు. 1901లో హాప్కిన్స్, కోల్ అనే శాస్త్రవేత్తలు ట్రిప్టోఫాన్‌ను వేరుచేసిన నాటి పరీక్షనే ఏటా పిల్లల చేత చేయించేవాణ్ణి. పరీక్షనాళికలో ప్రోటీన్ ద్రావణం, గ్లయాక్సిలిక్ ఆమ్లం కలిపి, గోడ వెంబడి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మెల్లగా జారవిడవాలి. రెండు పొరలు కలిసేచోట ఊదారంగు వలయం వస్తే ట్రిప్టోఫాన్ ఉన్నట్టు. కోడిగుడ్డు తెల్లసొనకు వలయం నిగనిగలాడుతూ వచ్చేది. జెలటిన్ పడ్డ పిల్లవాడు మాత్రం నాళికను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, “సార్, రింగ్ రాలేదు, యాసిడ్ పాతదేమో” అనేవాడు. యాసిడ్ మంచిదే, తమ వంశంలోనే ట్రిప్టోఫాన్ లేదు. మనిషి తిండి ద్వారా తెచ్చుకుని తీరవలసిన అమైనో ఆమ్లాల్లో ఒకటి అసలే లేని తమరిని ప్రోటీన్ల రారాజుగా ఊరేగిస్తున్నారు. పారిస్‌లో పేదలకు ఎముకల జెలటిన్ పులుసు పోస్తే సరిపోతుందా అన్న వివాదం ఏళ్లతరబడి నడిచి, అది ఒక్కటే తిని బతకడం కుదరదని శాస్త్రవేత్త మజాండీ విచారణ సంఘం 1841లో తేల్చింది. అప్పట్లో తమరు పేదల గిన్నెలో ఉచితం. ఇప్పుడు మధ్యతరగతి కాఫీలో వేలల్లో.

తమ మీద నాకు వ్యక్తిగత ద్వేషం లేదు. తమరు ఖాళీ కావడానికి ఇంకా నాలుగు చెంచాలే ఉన్నాయి. మూత భలే బిగుతుగా ఉంది, చీమ దూరదు. ఖాళీ కాగానే అందులో కందిపప్పు పోయాలని మా ఆవిడ నిశ్చయించింది. అన్నంలో తక్కువపడే లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులో దండిగా ఉంటుందని నేనేదో పాఠం మొదలుపెట్టబోతే వినకుండా, ముందు గోధుమరంగు గుర్తున్న ఆ లేబుల్‌ను నానబెట్టి గోకెయ్యమని నాకు పురమాయించింది.

ఇట్లు,
తమ విధేయుడు,
రసాయనశాస్త్ర అధ్యాపకుడు (విశ్రాంత)