పెరట్లో వెలసిన తాబేటి భవనానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తాబేటి భవనం వారికి, డాలస్ శివారులో తమరి పక్కనే ఉన్న పెద్దింటివారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ కరెంటు ఖర్చుకు జడిసి మేం స్వెట్టర్ల మీద శాలువాలు కప్పుకుని కూర్చున్నాం. తమరు మాత్రం 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర కులాసాగా ఉన్నట్టు ఫోనులో కనిపిస్తూనే ఉంది.

తమరిలో కాపురముండే సల్కాటా తాబేలు మీద నాకు కోపం లేదు. దాని పూర్వీకులది సహారా ఎడారి దక్షిణపు అంచు. ఎండ మండితే బొరియ తవ్వుకోవడం తెలుసు గాని, చలికాలమంతా నిద్రపోవడం ఆ వంశానికి తెలియదు. అరిజోనా ఎడారి తాబేలైతే శీతాకాలం బొరియలో పడుకుని వసంతంలో లేస్తుంది. ఇది జనవరిలోనూ గడ్డి అడుగుతుంది. ఒళ్లు చల్లబడితే తిన్నది అరగదు. చలికి చెమ్మ తోడైతే ముక్కులోంచి బుడగలు, ఆ వెనకే పశువైద్యుడి బిల్లు.

అమ్మేచోట అరచేతిలో ఇమిడే పిల్లను చూపిస్తారు. అది 45 కిలోలు దాటి పెరగగలదని ధర చీటీ మీద ఉండదు. తమరి ప్రస్తావన అసలే రాదు.

తమరి కట్టుబడికి చూపిన శ్రద్ధ మా ఇంటికి ఎవరూ చూపలేదు. బయట ప్లైవుడ్, లోపల ప్లైవుడ్, మధ్యలో రెండంగుళాల ఫోమ్ పలక. లోపలి ప్లైవుడ్ దండగ కదా అన్నారు మామగారు. కాదు. ఫోమ్ కంటబడితే తాబేలు కొరికి మింగుతుంది, అది పేగుల్లో అడ్డం పడుతుంది. నేల కిందా ఫోమే, కప్పులోనూ ఫోమే. కప్పుకు బందులు బిగించి, అంచుల వెంట రబ్బరు పట్టీ అతికించాం. గుమ్మానికి తలుపు లేదు. శీతల గిడ్డంగులకు కట్టే మందపాటి ప్లాస్టిక్ పట్టీలు ఒకదాని మీదికి ఒకటి కాస్త ఎక్కేలా వేలాడతాయి. తాబేలు తల లోపలికి లాక్కుని, డొప్పతో వాటిని నెట్టుకుంటూ పోతుంది. పట్టీలు దాని వీపు మీదుగా జారి, వెనక్కి వచ్చి, టపటపా మూసుకుంటాయి.

వేడికి పైన దీపం వేలాడదీస్తే పెద్ద తాబేలుకు వీపు మాడుతుంది, పొట్ట చల్లగానే ఉంటుంది. అందుకని నూనె నింపిన రేడియేటరు హీటరు, దాన్ని కుమ్మకుండా ఒక చెక్క కంచె. ఉష్ణోగ్రత కొలిచే తీగ కొస కప్పు దగ్గర కాదు, తాబేలు వీపెత్తున ఉండాలి. వేడి పైకి పోతుంది, తాబేలు పోదు.

"మా శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లకు ఏ హీటరు పెట్టారు అల్లుడుగారూ?" అని మామగారి ప్రశ్న. శ్రీకాకుళంలో మంచు కురవదు గనుక బతికిపోయారు.

తమరి వైభవమంతా ఒక తీగ మీద ఆధారపడిందని 2021 ఫిబ్రవరిలో తేలింది. మంచు తుపానుకు టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు పోయింది. ఫోమ్ వేడిని పట్టి ఉంచుతుందే గాని పుట్టించదు. మన తాబేలు మా స్నానాలగదికి మకాం మార్చింది. టెక్సస్ దక్షిణ కొసన సముద్రతీరంలో ఉన్న సౌత్ పాడ్రె ఐలండ్‌లో చలికి కొయ్యబారిన వేల సముద్ర తాబేళ్లను జనం బళ్లలో వేసుకొచ్చి కన్వెన్షన్ సెంటరు నేల మీద వరసగా పరిచారు. అక్కడా మొదట కరెంటు లేదు. ఆ రోజుల్లో తమరి నోట మాట లేదు.

సంక్రాంతికి అందరం కలిసి ఊరు వెళ్లడం తమరు వెలిశాక మానేశాం. కుక్కను చూసుకునేవాళ్లు ఈ ఊళ్లో దొరుకుతారు. అర్ధరాత్రి హీటరు ఆగిందేమోనని టార్చిలైటు పట్టుకుని పెరట్లోకి పోయేవాళ్లు దొరకరు. ఒక ఏడాది మా ఆవిడ వెళ్తుంది, ఒక ఏడాది నేను. అరిసెలు వెళ్లినవాళ్లకు, కాపలా ఉన్నవాళ్లకు ఫొటోలు.

ఇకపోతే, గుమ్మం ఇరుకైందని తాబేలు రోజూ డొప్పను చెక్కకు గీకుతూ అర్జీ పెట్టుకుంటోంది. వచ్చే వేసవిలో తమరిని విప్పి, ఇంకాస్త పెద్దగా కట్టక తప్పదు. మా వంటగది మరమ్మతు మళ్లీ వాయిదా పడింది. డిసెంబరు బిల్లు ఇందుతో జతపరచడమైనది.

ఇట్లు,
తమరి కరెంటు చార్జీలు చెల్లించు విధేయుడు