అనంతపురం ఆకాశానికి ఎంత టెలిస్కోపు కావాలి?

నక్షత్రాల ఫోటోలు తీద్దామని బయలుదేరినవాళ్ళు చాలామంది చివరికి చిన్న అపోక్రోమాట్ (పొట్టిగా అపో) టెలిస్కోపు దగ్గర ఆగుతారు. 60 నుంచి 80 మిల్లీమీటర్ల లెన్సు, రంగులు చెదరకుండా ఒకేచోట కలిపే ప్రత్యేకమైన గాజు, చంకలో పట్టుకుపోగల గొట్టం. అంతవరకు గొడవ లేదు. ఏ సైజు, లోపల లెన్సులు రెండా మూడా, డబ్బు గొట్టం మీద పెట్టాలా, దాన్ని మోస్తూ ఆకాశంతో పాటు తిప్పే మౌంటు మీదా అన్న దగ్గర మొదలవుతుంది. రెండు పక్షాలనూ ఒక అక్కాతమ్ముళ్ళ నోట పెడుతున్నాను. అక్క అనంతపురంలో డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది, 61 మి.మీ. డబ్లెట్ (రెండు లెన్సులది) వాడుతుంది. తమ్ముడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ 80 మి.మీ. ట్రిప్లెట్ (మూడు లెన్సులది) కొనాలని పట్టుబట్టి ఉన్నాడు. ఫోటోలు తీసేది ఉరవకొండ వైపున్న సొంత చేలో.

తమ్ముడు: తేల్చేసుకున్నానక్కా. 80 మి.మీ. ట్రిప్లెట్, 480 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (లెన్సు నుంచి ఫోకస్‌కి దూరం), దాన్ని 80తో భాగిస్తే ఎఫ్/6. కెమెరాలు మారతాయి, మౌంట్లు మారతాయి. మంచి లెన్సు ఇరవై ఏళ్ళు ఉంటుంది. డబ్బు పెడితే దానిమీదే పెట్టాల.

అక్క: ఇరవై ఏళ్ళ సంగతి తర్వాత చూద్దాం. మొదటి ఏడాది ఏం తీస్తావో చెప్పు.

తమ్ముడు: ఆండ్రోమెడా గెలాక్సీ, కృత్తికలు, ఒరాయన్ నెబ్యులా. ఎండాకాలంలో జ్యేష్ఠా నక్షత్రం చుట్టూ ఉండే రంగు మబ్బులు.

అక్క: నీ కెమెరా సెన్సర్ ఏపీఎస్-సీ. అంటే 23.5 మి.మీ. వెడల్పు, 15.7 మి.మీ. ఎత్తు. 480 మి.మీ. దగ్గర దానికి కనపడే ఆకాశం 2.8 డిగ్రీలు, 1.9 డిగ్రీలు. ఆండ్రోమెడా పొడవే మూడు డిగ్రీల దాకా ఉంటుంది. నిండు చంద్రుళ్ళను ఆరుగురిని వరసగా పెట్టినంత. జ్యేష్ఠకీ రో ఓఫియూకీ అనే నక్షత్రం చుట్టూ ఉన్న నీలి మబ్బుకీ మధ్య దూరం కూడా సుమారు మూడు డిగ్రీలే. నువ్వు చెప్పిన నాలుగింటిలో రెండు నీ ఫ్రేములో పట్టవు. నా 360 మి.మీ. దగ్గర 3.7 డిగ్రీలు, 2.5 డిగ్రీలు వస్తుంది. ఆండ్రోమెడా చుట్టూ కాస్త చీకటి మిగులుతుంది. జ్యేష్ఠ కోసమైతే 250 మి.మీ. ఇంకా మేలు.

తమ్ముడు: ఆ లెక్క నేనూ వేశాను. 0.8 రెడ్యూసర్ (ఫోకల్ లెంగ్త్‌ని తగ్గించే లెన్సు) బిగిస్తే నా 480 కాస్తా 384 అవుతుంది, ఎఫ్/4.8. ఫ్రేము దాదాపు నీదంతే. కానీ నా లెన్సు వైశాల్యం నీదానికి 1.7 రెట్లు. అదే గంటలో అంత ఎక్కువ కాంతి పడుతుంది. గెలాక్సీలు తీయాలనిపించినప్పుడు రెడ్యూసర్ తీసి ఫ్లాటెనర్ (మూలల్లో చుక్కలను సరిచేసే లెన్సు) పెడితే మళ్ళీ 480. ఒక్క గొట్టం, రెండు పనులు.

అక్క: ఈ మాట నిజం. కాదనను.

(ఇద్దరిలో ఎవరి గొట్టానికైనా ఫ్లాటెనరో రెడ్యూసరో తప్పదన్నది కొత్తవాళ్ళు గమనించాలి. లెన్సు ఎంత మంచిదైనా దాని ఫోకస్ తలం వంపుగా ఉంటుంది, సెన్సర్ బల్లపరుపుగా ఉంటుంది. ఫ్లాటెనర్ లేకుంటే మూలల్లో చుక్కలు సాగిపోతాయి. దాన్నుంచి సెన్సర్‌కి దూరం సాధారణంగా 55 మి.మీ. ఉండాలి. మధ్యలో ఫిల్టర్ పెడితే దాని మందంలో మూడో వంతు కలపాలి. పెట్జ్వాల్ రకం గొట్టాల్లో ఇది లోపలే అమర్చి ఉంటుంది, ఈ కొలతల బాధ లేదు. ధర చెప్పేటప్పుడు ఫ్లాటెనర్‌ని వేరుగా చెబుతారు, లెక్కలో ముందే కలుపుకోండి.)

తమ్ముడు: రంగుల విషయానికి వద్దాం. రెండు లెన్సులతో అన్ని రంగులూ ఒకేచోట చేరవు. నీ ఫోటోల్లో తెల్ల చుక్కల చుట్టూ ఊదా రంగు పొగలాగా ఉంటుంది. అది తర్వాత ఎంత దిద్దినా పూర్తిగా పోదు.

అక్క: లెన్సుల సంఖ్య కాదురా, గాజు ఏదన్నది చూడాల. 1758లో ఇంగ్లండ్‌లో డాలండ్ అనే లెన్సుల తయారీదారు పేటెంట్ తీసుకున్న అక్రోమాట్ కూడా రెండు లెన్సులదే. అది రెండు రంగులనే కలుపుతుంది. మూడు రంగులను ఒకే ఫోకస్‌కి తేవడం 1886 నాటికి గానీ కుదరలేదు. జర్మనీలో ఆబే అనే భౌతిక శాస్త్రవేత్త మైక్రోస్కోపు లెన్సుల కోసం, షాట్ అనే గాజు నిపుణుడు చేసిన కొత్త గాజులనూ ఫ్లోరైట్ అనే ఖనిజాన్నీ వాడి సాధించాడు. ఇప్పుడు ఫ్లోరైట్ చోట ఒహారా కంపెనీ గాజు ఎఫ్‌పీఎల్-53, హోయా కంపెనీ గాజు ఎఫ్‌సీడీ100 వస్తున్నాయి. గాజు రంగులను ఎంత తక్కువగా విడదీస్తుందో చెప్పే ఆబే సంఖ్య వీటికి 95 దగ్గర. చవక గొట్టాల్లో ఉండే ఎఫ్‌పీఎల్-51కి 81 పైచిలుకు. నాసిరకం గాజుతో చేసిన ట్రిప్లెట్ కన్నా ఎఫ్‌పీఎల్-53తో ఒద్దికగా చేసిన చిన్న డబ్లెట్ నయం. డబ్బా మీద అపో అని అచ్చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తమ్ముడు: అదే గాజుతో రెండూ చేస్తే?

అక్క: అప్పుడు ట్రిప్లెట్టే మేలు.

తమ్ముడు: నీ డబ్లెట్‌లో ఆ ఊదా రంగు ఇంకా కనపడుతుంది కదా?

అక్క: కనపడుతుంది. 420 నానోమీటర్ల కింద ఉన్న కాంతిని ఆపే ఫిల్టర్ పెట్టినాక చాలా తగ్గింది. ఊరి మేడ మీద నుంచి తీసేటప్పుడు హైడ్రోజన్ 656, ఆక్సిజన్ 501 నానోమీటర్లనే వదిలే ఫిల్టర్ వాడతాను. అప్పుడు ఊదా ప్రశ్నే లేదు.

తమ్ముడు: ఇక్కడే నిన్ను పట్టుకుంటా. బెంగళూరులో అపార్ట్‌మెంటు మీద నుంచి తీసేవాడికి ఆ ఫిల్టర్ దిక్కు. వీధి దీపాల వెలుగులో మామూలు రంగులు ఎట్లాగూ రావు. మనకు ఉరవకొండ చేను ఉంది. పాలపుంత కంటికి ఆనే చోటు. అక్కడికి పోయి కృత్తికల చుట్టూ ఉండే నీలి ధూళిని తీయకుండా ఫిల్టర్ పెట్టుకుంటే అంత దూరం పోవడం దేనికి? ఆ నీలమంతా ఉండేది నీ లెన్సు తడబడే పక్కనే. చీకటి ఆకాశం ఉన్నవాడికే రంగు సరిగ్గా కలిపే లెన్సు ఎక్కువ అవసరం అక్కా.

అక్క: …ఒప్పుకుంటున్నా. ఈ కోణంలో నేను ఆలోచించలేదు.

ఈ వాదన నాకూ బలంగా అనిపిస్తుంది. రాయలసీమలో ఊరు దాటి కొంత దూరం పోతే ఇప్పటికీ చీకటి దొరుకుతుంది. అది ఉన్నప్పుడు, ఊరి వెలుగులో తీసేవాళ్ళ కోసం రాసిన సలహాలను ఉన్నదున్నట్టు పాటించడం నష్టమే.

అక్క: కానీ అదే చేలో నీ గొట్టాన్ని ఏం మోస్తుంది? ట్రిప్లెట్ మూడు కిలోలు దాటుతుంది. రింగులు, రెడ్యూసర్, కూలింగ్ కెమెరా, గైడ్ స్కోపు (ఒక చుక్కను గమనిస్తూ మౌంటు తప్పును దిద్దించే చిన్న టెలిస్కోపు), ఫోకసర్ మోటారు కలిపితే ఐదు కిలోల పైనే. నువ్వు కొంటానంటున్న చిన్న మౌంటుకి కంపెనీ చెప్పే గరిష్ఠ బరువే ఐదు కిలోలు. మామూలు గేర్ల మౌంటుతో ఫోటోలు తీయాలంటే అందులో సగం బరువుకే ఆగాలి.

తమ్ముడు: గైడింగ్ ఉంటుంది కదా, సర్దుకుంటుంది.

అక్క: గైడింగ్ నెమ్మదిగా వచ్చే తప్పును దిద్దుతుంది. గాలి తోపును దిద్దలేదు. ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకండ్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకండు) జరుగుతుంది. 3.76 మైక్రాన్ల పిక్సెల్‌తో నా దాంట్లో ఒక పిక్సెల్ 2.15 ఆర్క్‌సెకండ్లు. 480 దగ్గర నీకు 1.6. అంటే నా మౌంటు చేసే తప్పునే నీ మౌంటు చేసినా, నీ ఫోటోలో అది పెద్దగా కనపడుతుంది. మన జిల్లాలో గాలిమరలు ఎందుకు పెట్టారో తెలుసు కదా?

తమ్ముడు: ఆ గాలి నైరుతిలో. అప్పుడు ఎట్లాగూ మబ్బే. మనం తీసేది డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా.

అక్క: జ్యేష్ఠ రాత్రి పొద్దుపోకముందే పైకొచ్చేది మేలో. ఒమెగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం కూడా అప్పుడే. మన దగ్గర 28 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. యూరప్‌లో చాలామందికి కనపడనే కనపడదు. ఇట్లాంటివి తీయకుండా గాలి లేని నెలలే చూసుకుంటానంటే ఎట్లా? ఇంకోటి. మన అక్షాంశం 14.7 డిగ్రీలు. ధ్రువ నక్షత్రం అంత ఎత్తులోనే ఉంటుంది, దుమ్ములో సగం మునిగి. మౌంటు అక్షాన్ని దానివైపే గురిపెట్టాలి కదా, అంత కిందికి వంచితే కౌంటర్ వెయిట్ (గొట్టానికి ఎదురుగా పెట్టే బరువు) పోయి స్టాండు కాలికి తగిలే మౌంట్లున్నాయి. గొట్టం పెద్దదయ్యేకొద్దీ వెయిట్లూ పెరుగుతాయి.

తమ్ముడు: ధ్రువ నక్షత్రం కనపడకపోయినా సాఫ్ట్‌వేర్ మూడు చోట్ల ఫోటో తీసి అక్షం ఎక్కడుందో లెక్కగడుతుంది. హార్మోనిక్ గేర్ల మౌంటు (చిన్నగా ఉండి ఎక్కువ బరువు మోసే రకం) తీసుకుంటే ఈ బరువుకు కౌంటర్ వెయిటే అక్కర్లేదు.

అక్క: తీసుకో! నేను అడుగుతున్నది అదే. దాని ధరా, ట్రిప్లెట్ ధరా రెండూ ఒకే జీతంలోంచి రావాలి. నువ్వేమో గొట్టానికి అంతా పోసి, మిగిలిన దాంతో మౌంటు కొంటానంటున్నావు.

(రిఫ్లెక్టర్, అంటే లెన్సు బదులు అద్దంతో పనిచేసే టెలిస్కోపు సంగతి వీళ్ళు ఎత్తలేదు. అదే డబ్బుకు 150 మి.మీ. అద్దం వస్తుంది, నిజమే. కానీ గాలికి తెరచాపలా ఊగుతుంది, దుమ్ము లోపలికి పోతుంది, కారులో తీసుకెళ్ళిన ప్రతిసారీ అద్దాలు సరిచూసుకోవాలి. చేలో మొదలుపెట్టేవారికి నేను చెప్పను.)

తమ్ముడు: వేడి గురించి కూడా ఏదో అంటావులే, ట్రిప్లెట్ చల్లారడానికి ఆలస్యమని.

అక్క: ఆలస్యమే, మధ్య లెన్సు వేడి వదలడానికి దారి తక్కువ. గొట్టాన్ని పొద్దుగూకక ముందే కారులోంచి తీసి బయట పెడితే సరిపోతుంది. చలికి లెన్సు బిగుసుకుని చుక్కలు మూడు మూలలుగా వచ్చే బాధ మన దగ్గర తక్కువ, ఇక్కడి చలికాలం అంతటిది కాదు. నన్ను ఇబ్బంది పెట్టేది ఫోకస్. 400 మి.మీ. అల్యూమినియం గొట్టం పది డిగ్రీలు చల్లారితే 0.09 మి.మీ. కుంచించుకుపోతుంది. ఎఫ్/6 దగ్గర ఫోకస్ నిలిచే లోతు మొత్తం 0.1 మి.మీ. లోపే. నీ రెడ్యూసర్‌తో ఎఫ్/4.8 అయితే 0.06. మధ్యాహ్నం నలభై డిగ్రీలున్న రోజు రాత్రి ఎంత దిగుతుందో నీకు తెలుసు. ఫోకసర్ మోటారు విలాసం కాదు, దాన్నీ ఖర్చులో రాసుకో.

తమ్ముడు: నీ లెక్క ప్రకారం నేను ఏం కొనాల?

అక్క: ముందు మౌంటు. పది కిలోలు నిబ్బరంగా మోసేది. ఈ చలికాలం నీ దగ్గరున్న 200 మి.మీ. కెమెరా లెన్సే దాని మీద పెట్టు. తర్వాత నా మాట వింటే 60, 70 మధ్య డబ్లెట్. వినకపోతే నీ ట్రిప్లెట్.

తమ్ముడు: డబ్లెట్ కొనను. కృత్తికల మాట నువ్వే ఒప్పుకున్నావు. మౌంటు ముందు కొంటా, అది సరే. ట్రిప్లెట్ వచ్చే ఏడాదికి వాయిదా.

అక్క: అయితే కొనేటప్పుడు అమ్మేవాడు చూపించే టెస్ట్ కాగితం జాగ్రత్తగా చదువు. స్ట్రెల్ (లెన్సు ఎంత నిర్దోషంగా ఉందో చెప్పే అంకె, 1 అయితే పరిపూర్ణం) 0.95 అని గొప్పగా రాస్తారు. చాలాసార్లు అది ఆకుపచ్చ కాంతి ఒక్కదానికే. నీకు కావాల్సింది నీలంలో ఎంత, ఎరుపులో ఎంత. ఆ రెండు అంకెలు అడుగు. ఇవ్వకపోతే అదే గొట్టంతో వేరేవాళ్ళు కృత్తికలను తీసిన, దిద్దని ఫోటో అడిగి తెప్పించుకో. మూలలు పెద్దవి చేసి చూడు.

తమ్ముడు: నీలంలో అంకె బాగుండి, ధర నా చేతికి అందితే?

అక్క: నాకూ ఒకటి చెప్పు. నేనూ చూస్తా.