14 నెలలుగా ప్రాసెసర్ ఎంచుకుంటున్నాను, దయచేసి తొందరపెట్టకండి

మనవాళ్లు పెళ్లిసంబంధాన్ని ఆదివారం పూట ఉప్మా తినేలోపు తేల్చేస్తారు. ఫ్లాటైతే కారు పార్కింగ్ ఉందో లేదో చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తారు. అలాంటి సమాజంలో, గేమింగ్ పీసీకి ప్రాసెసర్, అంటే దాని మెదడు లాంటి చిప్పు, ఎంచుకోవడానికి నాకు 14 నెలలు పట్టిందని, అదీ ఇంకా పూర్తి కాలేదని తెలిసి ఇంటా బయటా వినిపిస్తున్న మాటలు నన్ను కలచివేశాయి. అందుకే ఈ వివరణ.

ప్రాసెసర్ కొనడం వేరు, ఎంచుకోవడం వేరు. కొనడానికి పది నిమిషాలు, ఒక ఓటీపీ చాలు. మా బావమరిది చేసింది అదే. ఒక శనివారం మధ్యాహ్నం భోంచేసి వెళ్లి ఇంటెల్ కంపెనీ ఐ5-12400ఎఫ్ తెచ్చుకున్నాడు. పనిచేసే బుర్రలు, అంటే కోర్లు, ఆరు. ఒకేసారి నడిపే పనుల వరసలు, అంటే త్రెడ్లు, 12. 2022 నాటి సరుకు. ఎవర్నీ అడగలేదు. చిప్పుల వేగం పోల్చే ఒక్క బెంచ్‌మార్క్ వీడియో చూడలేదు. రాత్రి భోజనాల వేళకి ఆటలో మునిగిపోయాడట. విని నాకు కోపం రాలేదు, జాలేసింది.

నాకు పేర్లు చదవడం నేర్చుకోవడానికే రెండు నెలలు పట్టింది. ఇంటెల్ చిప్పు పేరు చివర కే ఉంటే స్పీడు మనమే పెంచుకోవచ్చు. ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్, అంటే స్క్రీన్ మీదికి బొమ్మ పంపే భాగం, ఉండదు. కేఎఫ్ ఉంటే స్పీడు పెంచుకోవచ్చు గానీ గ్రాఫిక్స్ ఉండదు. ప్రభవ, విభవ అంటూ మన తెలుగు సంవత్సరాలకి అరవై పేర్లున్నా ఏనాడూ వరస తప్పలేదు. ఇక్కడ ఆ పద్ధతి లేదు. ఇంటెల్‌లో 14వ తరం తర్వాత 15వది వస్తుందని వేళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. 2024 అక్టోబరులో కోర్ అల్ట్రా 200 అని వచ్చింది. మధ్యలో 185 తరాలు ఎప్పుడు పుట్టి ఎప్పుడు పోయాయో, పిండం ఎవరు పెట్టారో తెలియదు.

తర్వాత మూడు నెలలు క్యాష్ మీద పోయాయి. అంటే నగదు కాదు, అది నా దగ్గర భద్రంగానే ఉంది. చిప్పు లోపలే ఉండే చిన్న మెమరీ. వంటింట్లో పొయ్యి పక్కనుండే పోపుల పెట్టె లాంటిది. ఆవాలు చేతికందితే పోపు మాడదు, ప్రతిదానికీ వీధి చివర కిరాణా కొట్టుకి, అంటే చిప్పు బయటుండే ర్యామ్ అనే పెద్ద మెమరీ దాకా, పరిగెడితే మాడుతుంది. ఆటల్లో ఇలా చేతికందాల్సిన చిల్లర సామాను ఎక్కువ. అందుకని 2022లో ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ వాళ్లు రైజెన్ 7 5800ఎక్స్‌3డీలో 32 ఎంబీ పోపుల పెట్టె మీద ఇంకో 64 ఎంబీ పెట్టె ఎక్కించారు. మొత్తం 96. పైపెట్టె వల్ల వేడి బయటికి పోవడం కష్టమవుతోందని 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్‌3డీలో దాన్ని కిందకి దించారు. ఈ పరిణామక్రమమంతా మా ఆవిడకి విడమర్చి చెప్పాను. ఆవిడ స్టవ్ కట్టేసి, "డబ్బా మీద డబ్బా పెట్టొద్దని నేను పెళ్లైన కొత్తలోనే చెప్పాను కదండీ" అంది.

ఇక వర్గాలు. మన ఊళ్లలో హీరోల అభిమాన సంఘాలు ఎంత సభ్యతగా ఉంటాయో ఈ రెండు కంపెనీల భక్తుల్ని చూశాకే తెలిసింది. ఒక వర్గం 2024ని ఎత్తిచూపుతుంది. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద చిప్పుల్లో వోల్టేజీ ఎక్కువై ఆటలు క్రాష్ అవుతుంటే, ఆగస్టులో మైక్రోకోడ్ అనే చిప్పు లోపలి ప్రోగ్రాముకి దిద్దుబాటు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించారు. రెండో వర్గం 2023ని ఎత్తిచూపుతుంది. కొన్ని మదర్‌బోర్డుల మీద, అంటే చిప్పు కూర్చునే పలకల మీద, రైజెన్ 7000 ఎక్స్‌3డీ చిప్పులు మాడిపోతే, ఏఎండీ ఒక వోల్టేజీకి 1.3 వోల్టుల దగ్గర కళ్లెం వేసింది. రెండూ నిజమే. కాబట్టి నిష్పక్షపాతినైన నేను రెండూ కొనకుండా ఆగాను.

పరీక్షలు చేసే పద్ధతి కూడా తెలుసుకోదగ్గది. మార్కెట్లో అన్నిటికంటే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు పెట్టి, రిజల్యూషన్, అంటే బొమ్మ స్పష్టత, 1080పీకి తగ్గించి, సెకనుకి ఎన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు, వచ్చాయో కొలుస్తారు. అలా చేస్తేనే గ్రాఫిక్స్ కార్డు అడ్డం రాకుండా ప్రాసెసర్ల మధ్య తేడా బయటపడుతుంది. శాస్త్రం ప్రకారం ఇది సబబే. అర్ధరాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి సత్తా కొలిచినట్టు. మనం నడిపేది మటుకు సాయంత్రం ఆరింటికి, అమీర్‌పేటలో, మధ్యరకం గ్రాఫిక్స్ కార్డుతో. అక్కడ అన్ని బండ్లూ సిగ్నల్ దగ్గర పక్కపక్కనే నిలబడతాయి. పైగా నా మానిటర్ పాతది, సెకనుకి 60 సార్లకి మించి బొమ్మ మార్చదు. అయినా సరే 310 ఫ్రేములిచ్చే చిప్పు కావాలా, 340 ఇచ్చేది కావాలా అని నేను పడ్డ మథనం ఆ మానిటర్‌కేం తెలుసు.

సాకెట్, అంటే బోర్డు మీద చిప్పు కూర్చునే గూడు, దాని సంగతి మరీ దూరదృష్టితో కూడింది. ఇంటెల్ అయితే రెండు మూడు తరాలకోసారి బోర్డు కూడా మార్చమంటుంది. ఏఎండీ వాళ్ల సాకెట్ ఏఎమ్4 అలా కాదు. 2017లో కొన్న చాలా బోర్డుల మీద, బోర్డు లోపలి ప్రోగ్రామైన బయాస్ అప్‌డేట్ చేస్తే, 2022 నాటి 5800ఎక్స్‌3డీ కూర్చుంటుంది. దాని తర్వాతి సాకెట్ ఏఎమ్5కి కూడా 2027 దాకా, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఉంటుందని మాటిచ్చారు. కాబట్టి ఇప్పుడు బోర్డు కొంటే రేపు దాని మీద పెట్టబోయే రెండో ప్రాసెసర్ ఏది, ఆ తర్వాత మూడోది ఏది అన్నది ముందే తేలాలి. ఆ జాబితా డైరీలో రాసిపెట్టాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మా ఆవిడ నవ్వింది. అసలు కొడుకు సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఈ పీసీ వాడి పదో తరగతి సెలవుల కోసం అనుకున్నది. వాడిప్పుడు ఇంటర్ హాస్టల్లో ఉన్నాడు.

అసలు ఆటలకి ఆరు కోర్ల మధ్యరకం చిప్పు చాలు, మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టుకోండి అని చెప్పి రెండు నిమిషాల్లో చర్చ ముగించే మనుషులు కొందరున్నారు. వాళ్ల మాట వింటే నాలాంటి వాళ్ల 14 నెలలు ఏం కావాలి?

నా అధ్యయనం వృథా కాలేదనడానికి మొన్న సంక్రాంతి ముందు జరిగిందే సాక్ష్యం. ఇల్లు దులిపి టేబుల్ జరిపాక బావమరిది పీసీలో స్క్రీన్ రావడం మానేసింది. "బావగారూ, మీరు బాగా చదివారు కదా, ఒకసారి రండి" అని ఫోన్. డైరీ, స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్లాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. ప్రాసెసరే అన్నాను. కూలర్ విప్పాను. చిప్పు వేడిని కూలర్‌కి చేర్చే థర్మల్ పేస్ట్ ఎండి అట్టకట్టింది, తుడిచాను. చిప్పు బయటికి తీసి, మూలనున్న బంగారు త్రికోణం చూసి, అదే దిక్కున మళ్లీ కూర్చోబెట్టాను. లివర్ నొక్కితే కిర్రుమంది, నా ప్రాణం కూడా. శనగగింజంత పేస్ట్ పెట్టి కూలర్ బిగించాను. రెండు గంటలు గడిచాయి. స్క్రీన్ నల్లగానే ఉంది. చిప్పు పోయింది, ఆ రోజే నన్ను అడగాల్సింది అన్నాను.

ఆరో తరగతి చదివే వాళ్లమ్మాయి టేబుల్ వెనక్కి తొంగిచూసింది. "మామయ్యా, వైరు పైదానికి పెట్టారు. కింద గ్రాఫిక్స్ కార్డుకి కదా పెట్టాలి" అని తీసి కింద గుచ్చింది. స్క్రీన్ వచ్చేసింది. ఎవరూ ఏమీ అనలేదు. మా బావమరిది మాత్రం టీ కప్పు ముందుకు జరిపాడు. దీన్నిబట్టి నా వాదనే రుజువైందని ఆ అమ్మాయికి చెప్పాను. బోర్డు మీది పోర్టుకి బొమ్మ రావాలంటే ప్రాసెసర్ లోపల గ్రాఫిక్స్ ఉండాలి. వాళ్ల నాన్న ఎఫ్ కొనకుండా ఉంటే వైరు పైన పెట్టినా స్క్రీన్ వచ్చేదేమో. ఆ పిల్ల విన్నట్టు లేదు, అప్పటికే వాలరెంట్ తెరిచేసింది. ఆ ఆట కనీస అర్హతల జాబితాలో ఒకప్పుడు కోర్ 2 డుయో ఈ8400 అని ఉండేది. అది 2008లో వచ్చిన చిప్పు.

ఈ అవమానం తర్వాత, పోయిన శనివారం, డైరీతో సహా సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే సీటీసీకి వెళ్లాను. నాలుగు కొట్లు తిరిగి ఐదోదాంట్లో కూర్చున్నాను. కౌంటర్లో కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. క్యాష్ గురించి, సాకెట్ గురించి, 1.3 వోల్టుల గురించి అరగంట చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. మధ్యలో ఇద్దరు కస్టమర్లకి పెట్టెలు ప్యాక్ చేసి పంపించాడు కూడా. చివరికి బిల్లు పుస్తకం దగ్గరికి లాక్కుని అడిగాడు.

"అంతా మంచిగనే ఉంది సార్. ఇంతకీ మీరు ఏం గేమ్ ఆడ్తరు?"

డైరీ మొదటి పేజీ నుంచి తిరగేశాను. ఎక్కడా రాసుకోలేదు. వచ్చే వారం చెప్తానని లేచొచ్చాను.