ఆర్డర్ ప్రింటర్ గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ ఆర్డర్ ప్రింటర్ గారికి,

హైదరాబాదులో రద్దీగా నడిచే ఒక పిజ్జా రెస్టారెంటులో సాయంత్రం షిఫ్టు చూసే మేనేజరు నమస్కరించి రాసుకునే విన్నపం.

వంటింట్లో స్టీలు అర మీద జానెడు చోటులో, వచ్చిన ప్రతి ఆర్డరునూ చీటీ మీద అచ్చువేస్తూ తమరు కొలువై ఉంటారు. తమకు జీతం లేదు, వారాంతపు సెలవు లేదు. డిగ్రీ పరీక్షలు లేవు, అయ్యప్ప మాల లేదు, ఊళ్లో జాతర లేదు. శనివారం సాయంత్రం ఆరున్నరకు ఫోను చేసి, ఒంట్లో బాగాలేదు సార్ అని దగ్గి వినిపించే అలవాటు అసలే లేదు. ఇంతటి ఆదర్శ ఉద్యోగిని నా సర్వీసులో మరొకరిని చూడలేదు. బాధల్లా ఒక్కటే, నేను తమకు మేనేజరునా, తమరు నాకు మేనేజరా అన్నది ఇంతవరకూ తేలలేదు.

కాగితం మీద నా షిఫ్టులో తొమ్మిది మంది. ఆదివారం రాత్రి నిజంగా వచ్చేది ఆరుగురు. ఒకరు పిండి ముద్దను సాగదీస్తారు. ఇద్దరు సాసు పూసి, చీజు చల్లి, ముక్కలు పేరుస్తారు. ఒకరు ఓవెన్ అవతలి ముఖాన నిలబడి కోసి డబ్బాల్లో సర్దుతారు. మిగిలిన ఇద్దరు వేపుళ్లకూ, గిన్నెలకూ. రాని ముగ్గురూ నేనే. తమరు మాత్రం ఎందరు వచ్చారని తల ఎత్తి చూసిన పాపాన పోలేదు. తొమ్మిది మంది ఉన్నా, ఆరుగురున్నా ఆ తెల్లని నాలుక అదే వేగంతో బయటికి సాగుతూనే ఉంటుంది.

చీటీ మీద అన్నిటికంటే పైన టైము అచ్చవుతుంది. తమ దృష్టిలో పిజ్జా పుట్టుక ఆ క్షణానే. మా దృష్టిలో అది రెండు రోజుల క్రితం పుట్టింది. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి తమరు అడిగే పిజ్జాకు శుక్రవారమే పిండి కలపాలి. ముద్దలు చేసి ట్రేలలో పేర్చి చలిపెట్టెలో నిద్రపుచ్చాలి. వాడే ముందు బయటికి తీసి చలి విరగనివ్వాలి. ఆ ఓపిక లేక చల్లటి ముద్దను లాగామా, రబ్బరులా వెనక్కి ముడుచుకుంటుంది. ఓవెన్‌లోకి వెళ్లి పూరీలా పొంగి కూర్చుంటుంది. ఓవెన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. 250 డిగ్రీలకు అటూ ఇటూ వేడిలో, కదిలే ఇనుప జాలీ మీద, ఒక నోట దూరిన పిజ్జా మరో నోట బయటపడడానికి 6, 7 నిమిషాలు. కస్టమరు ఫోనులో తిట్టినా, పై అధికారి ఎదురుగా నిలబడి గడియారం చూసుకున్నా ఆ జాలీ అంగుళం కూడా తొందరపడదు. మా వంటింట్లో ఆత్మగౌరవం ఉన్న ప్రాణి అదొక్కటే.

శుక్రవారం ఎన్ని ముద్దలు చేయాలో నాకు చెప్పేది హెడ్డాఫీసు వారి అంచనా పట్టిక. దానికి గత వారాల అమ్మకాలు తెలుసు, కార్తీక మాసం తెలియదు. మొదటి కార్తీక సోమవారం నాడు చికెన్ ట్రేలు నిండుగా, పనీర్ డబ్బా అడుగంటి ఉండగా తమరు మొదలుపెట్టారు. పనీర్, ఉల్లి వద్దు. పనీర్, ఉల్లి, వెల్లుల్లి వద్దు. చీజు మాత్రమే, కత్తి వేరేది వాడగలరు. (శాకాహారానికి ఆకుపచ్చ పిడి కత్తి, మాంసాహారానికి ఎరుపు పిడి కత్తి మా దగ్గర ఎప్పుడూ వేరువేరే. అయినా మనిషికి నమ్మకం చాలదు.) సాసులోనే వెల్లుల్లి ఉందని తమరికి చెప్పినా ప్రయోజనం లేదు, కాబట్టి కస్టమర్లకు ఒక్కొక్కరికీ ఫోను చేసి చెప్పాను. ఒక చీటీ అడుగున, "చుక్కను చూసి ఉపవాసం విడుస్తాము, ఏడింటికల్లా పంపండి" అని ఉంది. వారికి ఒక్క చుక్క కనబడితే చాలు. మాకు ఆ సాయంత్రం ఆకాశం మొత్తం కనబడింది.

నేపుల్స్‌లో పిజ్జా చేసేవారి కళను 2017లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. అక్కడి కట్టెల పొయ్యిలో పిజ్జా కాలడానికి 60 నుంచి 90 సెకన్లు చాలు. మా వాళ్ల కళ ఏ జాబితాకూ ఎక్కలేదు. ముంజేతుల మీద ఓవెన్ అంచు పెట్టిన వాతలను బట్టి ఎవరు ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారో చెప్పేయవచ్చు, అంతే. ముప్పై నిమిషాల హామీతో పేరు తెచ్చుకున్న ఒక పెద్ద సంస్థ, డెలివరీ బండ్ల ప్రమాదాలు కోర్టుకెక్కాక 1993లో అమెరికాలో దాన్ని ఎత్తేసింది. తమ వంశానికి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

టైము తప్పితే నివేదికలో ఎర్రగీత పడుతుంది కనుక మావాళ్లు ఒక విద్య నేర్చారు. పిజ్జా ఓవెన్‌లో సగం దూరంలో ఉండగానే తెర మీద ‘సిద్ధం’ అని నొక్కేస్తారు. నివేదిక పచ్చగా ఉంటుంది. డెలివరీ కుర్రాడు హెల్మెట్ తీయకుండా కౌంటర్ దగ్గర ఒంటికాలి మీద నిలబడి ఉంటాడు. ఆ సగటు చూసి పోయిన నెల మాకు మెచ్చుకోలు పత్రం వచ్చింది. దాన్ని తమ తల మీదే గోడకు అంటించాను.

తమలో సిరా ఉండదనీ, వేడి తగిలితే నల్లబడే కాగితమే తమ రహస్యమనీ నాకు చాలాకాలం తెలియదు. ఒకరోజు కొత్త కుర్రాడు చీటీని ఓవెన్ నెత్తిన పెట్టి మరిచాడు. చూసేసరికి చిరునామా, టాపింగులు, టైము అన్నీ మాయమై, కాగితం మొత్తం బొగ్గులా ఉంది. మా పరిస్థితిని తమరు ఉన్నదున్నట్టు అచ్చువేసింది ఆ ఒక్కసారే.

ఇక అసలు సంగతి. మొన్న ఆదివారం మ్యాచ్‌లో మొదటి ఇన్నింగ్స్ ముగిసిన క్షణాన ఊరంతటికీ ఒకేసారి ఆకలి వేసింది. తమరు కిర్రుమంటూ సాగి సాగి, కాగితం అంచున ఎర్ర చార చూపించి, టక్కున ఆగిపోయారు. కాగితం రోలు అయిపోయింది. అప్పుడు వినబడింది, మా పొగ గొట్టం ఫ్యానుకు ఒక శబ్దం ఉందని. చీజు చల్లే అమ్మాయి నడుము నిటారు చేసి సీసాడు నీళ్లు ఎత్తి గటగటా తాగింది. కోసే కుర్రాడు చేతి వాతను కుళాయి కింద పెట్టి కళ్లు మూసుకున్నాడు. "రోలు ఎక్కడుంది సార్?" అని ఎవరో అడిగారు. స్టోరులో వెతుకుతున్నానన్నాను. మూడు నిమిషాలు వెతికాను. ఆ తర్వాత తమరు లోపల దాచుకున్నవన్నీ ఒక్క ఊపున మూరల కొద్దీ కక్కారు, అది వేరే కథ.

తప్పు ఒప్పుకోవడానికే ఈ లేఖ. రోలు నా ఏప్రన్ జేబులోనే ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు,
సాయంత్రం షిఫ్టు మేనేజరు