మాటకు రెండు రూపాయలు

ఉద్యోగం మానేసి అనువాదాల మీద బతుకుదామని నిర్ణయించుకున్నాక కుర్చీ కొన్నాను, నిఘంటువులు కొన్నాను, విజిటింగ్ కార్డులు అచ్చు వేయించాను. ఎంత తీసుకోవాలన్నది మాత్రం ఆలోచించలేదు. మా నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. "మీకు తోచింది ఇవ్వండి" అని తాంబూలం అందుకోవడమే తప్ప ఆయన నోట ఏనాడూ అంకె వినలేదు. ఇంటికొచ్చి, కండువా దండెం మీద వేసి, నోట్లు లెక్కపెట్టి, అప్పుడు తిట్టేవారు. మా వంశంలో ఫీజు నిర్ణయించే పద్ధతి అది.

మొన్న వంటింట్లో సింకు కారుతోందని ప్లంబర్‌ని పిలిస్తే, కింద తల పెట్టి చూసి, "వాషర్ పోయింది సార్" అని మూడొందలు అడిగాడు. వాషర్ ఖరీదు వేరే, వేసినందుకు వేరే. ఇది చూసినందుకు. ఆ రోజే అతని దగ్గర శిష్యరికంలో చేరాల్సింది.

మా ఆవిడ తెలుగు టీచరు. లెక్కల్లోనూ నాకంటే మెరుగు. "మాటకు మూడు రూపాయలు చెప్పండి. బతిమాలితే రెండున్నరకి దిగండి. ఇంకా కిందికి లాగితే ఫోను పెట్టేయండి" అంది. సరేనని రెండు రోజులు అద్దం ముందు నిలబడి "మూడు" అనడం సాధన చేశాను. అద్దంలో వాడు బాగానే అన్నాడు.

బెంగళూరు కంపెనీ నుంచి ఫోనొచ్చింది. అమ్మాయి మన తెనాలి పిల్లేనట, మర్యాదగా మాట్లాడింది. "మీ రేటెంత సార్?"

"మూడు" అన్నాను.

అవతల నిశ్శబ్దం.

"అంటే, మూడని కాదు. రెండున్నర అయినా పరవాలేదు."

నిశ్శబ్దం.

"పని ఎక్కువుందంటున్నారు కదా, రెండు చేసుకుందాం లెండమ్మా."

"హలో, సార్? సారీ సార్, లిఫ్టులో ఉన్నాను, సిగ్నల్ పోయింది. చివర ఏమన్నారు?"

"రెండు" అన్నాను. లిఫ్టుతో బేరమాడి ఓడిపోయిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

ఇక్కడితో ఆగినా బాగుండేది. "కౌంట్ సోర్స్ మీదా సార్, టార్గెట్ మీదా?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. కానీ ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో టార్గెట్ అన్న మాట వినబడగానే తలూపడం ఒంటికి పట్టేసింది. "టార్గెటే పెట్టుకుందామమ్మా" అన్నాను. "థాంక్యూ సార్!" అంది, అవసరమైన దానికంటే కాస్త ఎక్కువ సంతోషంగా.

వాటర్ ప్యూరిఫైయర్ల మాన్యువల్ వచ్చింది, ఆరు మోడళ్ళకి కలిపి. ఇంగ్లీషులో 24,000 మాటలు. రెండుతో గుణిస్తే 48,000 రూపాయలు. ఈ లెక్క మా ఆవిడకి చెప్పేశాను. గ్రైండర్ మార్చేద్దామంది.

మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగాను. "ఇఫ్ ది రెడ్ లైట్ డజ్ నాట్ కమ్ ఆన్." ఎనిమిది మాటలు. తెలుగులో "ఎర్రలైటు వెలగకపోతే" అని రాసి, ముచ్చటపడ్డాను. ఎంత పొందిగ్గా కుదిరింది! ఆ కిందే "ఈవెన్ ఇఫ్ ఇట్ హాజ్ నాట్ బీన్ స్విచ్డ్ ఆఫ్". అవీ ఎనిమిదే. "ఆపకపోయినా" అని ఒక్క మాటలో తేల్చేశాను. వేలు కీబోర్డు మీద ఉండగానే అనుమానం తగిలింది. సోర్స్ అంటే వాళ్ళిచ్చిన ఇంగ్లీషు. టార్గెట్ అంటే నేను రాసే తెలుగు. అంటే ఎనిమిది మాటల పని చేసి, ఒక్క మాటకు డబ్బు తీసుకోబోతున్నాను. పద్నాలుగు రూపాయలు హరీ. తెలుగు క్రియకి కాలం, పురుష, వచనం, కాదనడం, అయినాసరే అనడం అన్నీ తోకలో కట్టుకుని తిరిగే గుణం ఉంది. నా భాష ఇంత పొదుపరి అని గర్వపడుతూ కవి సమ్మేళనాల్లో చప్పట్లు కొట్టినవాణ్ణి. ఆ పొదుపు నా జేబులోంచే అని అప్పుడు తెలియలేదు.

ఆ రాత్రి నా శైలి మారింది.

"మూత తెరవకండి" అన్నచోట "మూతను తెరవడం అనే పని చేయకూడదు" అని పెట్టాను. రెండు మాటలు ఐదయ్యాయి. "నీళ్ళు ఆగిపోతే" అన్నది "నీళ్ళు రావడం అనేది ఆగిపోవడం జరిగిన పక్షంలో" అయింది. సంధులన్నీ విడదీశాను. బడిలో సంధి విడదీస్తే రెండు మార్కులొచ్చేవి, ఇప్పుడు రెండు రూపాయలొస్తున్నాయి, విద్య వృథా పోలేదనుకున్నాను. సర్కారు కాగితాల్లో "చేయడం జరిగినది" ఎందుకుంటుందో కూడా ఆ రాత్రే అర్థమైనట్టనిపించింది. మాటకింత అని ఎవరో ఎప్పుడో ఒప్పుకుని ఉంటారు.

పొద్దున కాఫీ తాగుతూ మా ఆవిడ నాలుగు పేజీలు చదివింది. "ఏమండీ, ఇది నీళ్ళ ఫిల్టరుదా, జీవోనా?" అంది. జరిగింది చెప్పాను. నవ్వలేదు. గ్రైండర్ వైపు చూసింది.

ఆవిడ ఊరుకున్నా కంపెనీ రివ్యూయర్ ఊరుకోలేదు. ఎవరో గానీ మహానుభావుడు, తెలుగు బాగా వచ్చినవాడు. ఫైలు తిరిగొచ్చేసరికి పేజీలన్నీ ఎర్రగా ఉన్నాయి. "అనేది" కొట్టేశాడు. "జరిగిన పక్షంలో" కొట్టేశాడు. విడదీసిన సంధులన్నిటినీ ఓపిగ్గా కలిపాడు. ఎర్రగీత పడ్డచోటల్లా రెండేసి రూపాయలు రాలుతున్న చప్పుడు నాకు వినబడింది. అన్యాయమేమిటంటే, అతను దిద్దింది ప్రతిదీ సరిగ్గానే ఉంది.

చివరికి లెక్క 17,100 మాటల దగ్గర తేలింది. 34,200 రూపాయలు. టీడీఎస్ పేరుతో ముందే పన్ను పట్టుకుంటారేమోనని ఫోన్ చేసి అడిగాను. "ఏడాదిలో 50,000 దాటితేనే కట్ చేస్తాం సార్, మీరింకా అంతదాకా రాలేదు" అంది తెనాలి పిల్ల, ఓదార్పుగా.

గ్రైండర్ రిపేరుకిచ్చాం. అతను కూడా చూసినందుకు రెండొందలు తీసుకున్నాడు.

రెండు నెలల తర్వాత ఒక లాయరుగారి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఈసారి మా ఆవిడ పక్కనే నిలబడింది. "మాటకు మూడు రూపాయలు" అన్నాను. అవతల నిశ్శబ్దం. నేనూ నోరు మూసుకున్నాను. చెమట పట్టింది, అయినా మూసుకునే ఉన్నాను. "సరేనండీ" అన్నారు. "ఇంకోటి. లెక్క సోర్స్ మీదే. టార్గెట్ అంటే కుదరదు" అన్నాను, బల్ల చరిచినంత పని చేసి. "అలాగేనండీ, మీ ఇష్టం" అన్నారు. మా ఆవిడ భుజం తట్టింది. ఇన్నేళ్ళలో రెండోసారి.

ఫైలు తెరిచాను. పాత భూమి దస్తావేజులు. తెలుగులోంచి ఇంగ్లీషులోకి చేయాలి. రాసినాయన ఏ కాలంవాడో, మాటకీ మాటకీ మధ్య చోటు వదలడం దుబారా అనుకునే రకం. రెండో పంక్తిలో తగిలింది: "దానవినిమయవిక్రయాదిసర్వహక్కులతో".

ఇంగ్లీషులో వేళ్ళ మీద లెక్కపెట్టాను. పది మాటలు. నాకొచ్చేది మూడు రూపాయలు.