రెండో స్థానం అనే తప్పుడు లెక్క

ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాలు భూమ్మీద పద్నాలుగే. వాటన్నిటినీ మొదట ఎక్కింది ఇటలీకి చెందిన రైన్‌హోల్డ్ మెస్నర్, 1986 అక్టోబరులో. ఏడాది తిరక్కుండానే, 1987 సెప్టెంబరులో, పోలండ్‌కు చెందిన యెజీ కుకూచ్కా కూడా ఆ జాబితా పూర్తి చేశాడు. అంతే, రికార్డుల్లో ఆయన ‘రెండోవాడు’గా మిగిలిపోయాడు.

ఆ మాట నాకు మింగుడుపడదు. మెస్నర్‌ను తక్కువ చేయడానికి కాదు. ఆయన పద్నాలుగూ ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఎక్కాడు, కుకూచ్కా ఎవరెస్ట్ మీద వాడాడు. కానీ మెస్నర్‌కు పదహారేళ్లు పట్టిన పని కుకూచ్కాకు ఎనిమిదేళ్లు కూడా పట్టలేదు. అదీ తెలిసిన దారుల్లో కాదు. నాలుగు శిఖరాలు నడి చలికాలంలో ఎక్కాడు. మిగతావాటిలో 1979లో ఎక్కిన లోత్సే ఒక్కటి వదిలేస్తే, అన్నీ కొత్త దారులే. 1985లో జనవరి 21న ధౌలగిరి మీద, ఫిబ్రవరి 15న చో ఓయు మీద ఉన్నాడు. ఎముకలు కొరికే ఆ చలిలో ఒక్కటి ఎక్కి బతికి రావడమే గొప్ప!

డబ్బు సంగతి చూస్తే ఇంకా ఆశ్చర్యం. సోషలిస్టు పోలండ్‌లో స్పాన్సర్లెక్కడ? కటోవీత్సె చుట్టుపక్కల ఫ్యాక్టరీల పొగ గొట్టాలకు తాళ్లకు వేలాడుతూ రంగులేసి, ఆ కూలి డబ్బుతో కుకూచ్కా, ఆయన తోటి పర్వతారోహకులు హిమాలయాలకు బయల్దేరేవాళ్లు. చేతికందిన సరుకుతోనే సర్దుకోవడం అక్కడే అలవాటైంది.

ఆ సర్దుబాటు ఎంతదాకా పోయిందో ఎవరెస్ట్ తర్వాత అంత ఎత్తయిన కె2 శిఖరం చూపిస్తుంది. 1986 జులైలో తదేయుష్ పియొత్రోవ్‌స్కీతో కలిసి దక్షిణ ముఖం మీదుగా ఎక్కుతుంటే చివరి గ్యాస్ డబ్బా జారిపోయింది. కొవ్వొత్తి మంట మీద మంచు కరిగించి గుక్కెడు నీళ్లు తాగారు. శిఖరం చేరారు, కానీ దిగేటప్పుడు పియొత్రోవ్‌స్కీ బూట్లకున్న ఇనుప ముళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఊడిపోయాయి. పైనుంచి జారి, కుకూచ్కాను రాసుకుంటూ పడిపోయాడు. ఆ దారిలో మళ్లీ ఎవరూ కె2 ఎక్కలేదు.

ఓర్పు, మొండితనం, లేమి. ఈయన విషయంలో ఈ మూడింటినీ విడదీసి చూడలేం. లేమి వల్లే అంత మొండివాడయ్యాడని మెచ్చుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ మెచ్చుకోలు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

పద్నాలుగూ అయిపోయాక ఇంటిపట్టున ఉండొచ్చు. ఉండలేదు. మామూలు దారిలో ఎక్కిన ఆ ఒక్క లోత్సే దగ్గరికే మళ్లీ వెళ్లాడు, ఈసారి అప్పటికింకా ఎవరికీ లొంగని దక్షిణ ముఖం మీదుగా. 1989 అక్టోబరు 24న, దాదాపు 8,200 మీటర్ల ఎత్తులో ముందు నడుస్తూ జారాడు. నడుముకున్నది ఆరు మిల్లీమీటర్ల సన్నతాడు, కాఠ్‌మాండూ బజారులో కొన్న సెకండ్‌హ్యాండ్‌ది అంటారు. అది తెగిపోయింది.