డెంగీ దోమ బస్సెక్కదు, నిజమే

దసరా సెలవులు ఇచ్చారో లేదో, మా ఫ్యామిలీ గ్రూపులో ఆ మెసేజ్ మళ్లీ దిగింది. ఈసారి పంపింది బాబాయి. "పండక్కి ఊరెళ్తే జబ్బులు వ్యాపిస్తాయనేది ఒట్టి ప్రచారం. డెంగీ దోమతో వస్తుంది, బస్సుతో కాదు. జ్వరం లేనివాడు ఎవరికీ అంటించడు. పైగా హైదరాబాద్ ఖాళీ అయితే జబ్బులు తగ్గుతాయి." బాబాయి మీద గౌరవంతోనే చెప్తున్నా, ఇందులో చాలావరకు తప్పు.

ముందు దోమ సంగతి. మలేరియా క్రిమిని 1897లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో చూసింది సికింద్రాబాద్‌లోనే కాబట్టి, ఈ విషయంలో మనం పొరపడితే కాస్త సిగ్గుగా ఉంటుంది. డెంగీ దోమ పుట్టిన చోటు నుంచి కొన్ని వందల మీటర్లు ఎగిరితే గొప్ప. మరి కూకట్‌పల్లి వైరస్ జనగామ పక్కన పల్లెకి ఎలా చేరుతుంది? మన రక్తంలో. జ్వరం రావడానికి రెండు రోజుల ముందు నుంచే మనల్ని కుట్టిన దోమకి వైరస్ అంటుకోవచ్చు. మా అమ్మమ్మ పెరట్లో మూతలేని గోలెం ఉంది. తొంగి చూస్తే నీళ్లలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతుంటాయి. అక్కడి దోమ పట్టపగలే మనవణ్ని కుడుతుంది. దాని ఒంట్లో వైరస్ ముదరడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఆలోగా సెలవులైపోయి మనవడు సిటీకి తిరిగొచ్చేస్తాడు. జ్వరం అమ్మమ్మకొస్తుంది. "నేను ఊరు దాటలేదే, నాకెట్లొచ్చింది?" అంటుంది.

జ్వరం లేనివాడు అంటించడన్నది ఇంకా పెద్ద తప్పు. ఫ్లూ లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే అంటుతుంది. తట్టు అయితే దద్దుర్లకి నాలుగు రోజుల ముందు నుంచే. తట్టు వచ్చిన పిల్లాడు గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా వైరస్ గాల్లో ఉండగలదు. ఇక డోలో వేసుకుని ఉప్పల్‌లో బస్సెక్కేవాళ్లున్నారు చూడండి, వాళ్లకి దిగేది ఒళ్లు వేడి మాత్రమే.

సిటీ ఖాళీ అయితే తగ్గుతాయన్న దాంట్లో సగం నిజం ఉంది. బడులు మూస్తే పిల్లల మధ్య ఫ్లూ నెమ్మదిస్తుంది. కానీ ఆ పిల్లలే ఇప్పుడు తాతల ఒళ్లో కూర్చుంటారు. ప్రయాణాలకీ జబ్బుకీ లంకె లేదంటే, 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికాలో జరిగింది చూడాలి. విమానాలెక్కేవాళ్లు బాగా తగ్గారు, ఆ ఏడాది ఫ్లూ ఉధృతి మామూలుకన్నా దాదాపు రెండు వారాలు ఆలస్యమైంది.

"అయితే పండగ మానేయమంటారా?" అని మెసేజ్ చివర్లో ఓ వెటకారం. మానేయమని ఎవరూ అనలేదు. జ్వరం ఉన్నవాళ్లు ప్రయాణం ఓ నాలుగు రోజులు వాయిదా వేసుకోమనీ, ఊళ్లో నిల్వ నీళ్లు పారబోయమనీ అంతే. అమ్మమ్మకి ఫోన్ చేసి గోలెం ఖాళీ చేయమన్నా. "బతుకమ్మ పూలు దాంట్లనే ఏసిన బిడ్డా, సద్దుల దినం అయినంక ఒంపుత" అంది.